ఆ ఫోన్ బీరువాలో నుంచి తియ్యి, చెల్లె

ప్రశ్న: అక్కా, మాది మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు. మా ఆయన ఆరేళ్లుగా దుబాయిలో ఉంటున్నాడు. నేను బీడీలు చేస్తాను. బిడ్డ ఎనిమిదో తరగతి, కొడుకు నాలుగో తరగతి. పోయిన ఏడాది సెలవు మీద వచ్చినప్పుడు ఆయన పెద్ద ఫోన్ తెచ్చాడు. అది ఎక్కువగా బిడ్డ చేతిలోనే ఉంటుంది. నా దగ్గర బటన్ల ఫోన్ ఉంది. పది రోజుల కింద బిడ్డ నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. ఫోన్‌లో ఆడే ఆటలో, కరీంనగర్ అమ్మాయినని చెప్పుకొని ఎవరో మూడు నెలలుగా మాట్లాడుతున్నారట. ఆటలో వాడుకునే డైమండ్లు కూడా కొనిచ్చారట. తరువాత ఇన్‌స్టాగ్రామ్‌లో మాట్లాడుకున్నారు. ఫోటో అడిగితే బడి ముందర దిగిన ఫోటో పంపింది. వెనక బడి పేరు కనబడుతుంది. ఇప్పుడు వేరే రకం ఫోటో కావాలంటున్నాడు. పంపకపోతే ఉన్న ఫోటోనే పాడు ఫోటోగా మార్చి బడి గ్రూపులో పెడతానని బెదిరిస్తున్నాడు. నాకు కోపం ఆగలేదు. బిడ్డను కొట్టాను. ఫోన్ గుంజుకొని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆయనకు ఫోన్ పాడైందని అబద్ధం చెప్పాను. బిడ్డ సరిగా తినడం లేదు, మాట్లాడడం లేదు. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. నేను పది దాకే చదివాను. అక్కడ ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చు, ఆజాద్ వీసా అంటే నమ్మి ఏజెంటుకు పైసలు కట్టి మోసపోయినవాళ్లం. ఫోన్ సంగతి నాకంటే పిల్లలకే ఎక్కువ తెలుసు. ఇంటర్‌నెట్‌లో పైలంగా ఎట్లా ఉండాలో వాళ్లకు నేనేం నేర్పగలను?
ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: చెల్లె, నన్ను అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 'బిడ్డ నా దగ్గరికి వచ్చి ఏడ్చింది' అని రాశావు. ఆ మాట రాసేసి నువ్వు కోపం దగ్గరికి, బీరువా దగ్గరికి వెళ్లిపోయావు. పిల్లను ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ చాడీ చెప్పలేదు. అంత భయంలో ఎవరికి చెప్పుకోవాలా అని తనే ఆలోచించుకొని నీ దగ్గరికి వచ్చింది. హనుమకొండలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ హైస్కూలు పిల్లలకు ఇరవై ఏడేళ్లు పాఠాలు చెప్పాను. ఇలాంటి సంగతుల్లో తమంతట తాముగా తల్లి దగ్గరికి వచ్చిన పిల్లలను నేను చాలా తక్కువగా చూశాను. కొట్టిన విషయం తరువాత మాట్లాడుకుందాం. ఈ రోజే చేయాల్సిన పని ముందు ఉంది.

ఫోన్‌ను బీరువాలో నుంచి తీసి చార్జింగ్ పెట్టు. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకో. ఏదీ డిలీట్ చేయనివ్వకు. ఆ పాడు మాటలు కళ్ల ముందు ఉండొద్దని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ పోలీసులకు దారి చూపేవి అవే. మొదటి రోజు నుంచి వాడు రాసినవన్నీ బిడ్డనే స్క్రీన్‌షాట్ తీయమను. తేదీ, టైము కనబడాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో వాడి యూజర్‌నేమ్, ఆటలో వాడి ఐడి నంబరు, ఎప్పుడైనా ఫోన్ నంబరు ఇచ్చి ఉంటే అది, డైమండ్లు పంపినట్టు ఉన్న మెసేజ్, ఇవన్నీ కావాలి. కాగితం మీద కూడా రాసుకో. ఇన్‌స్టాగ్రామ్‌లో పంపినవాడు తన మెసేజ్‌లను వెనక్కి తీసేసుకోవచ్చు, అప్పుడు అవి మన ఫోన్‌లో నుంచి కూడా పోతాయి. ఇప్పటికే పది రోజులయింది, అందుకే రేపటిదాకా ఆగొద్దంటున్నాను. అన్నీ భద్రం చేసుకున్నాక వాడి అకౌంట్‌ను రిపోర్ట్ చేయండి, ఆ తరువాత బ్లాక్ చేయండి. ఆ స్క్రీన్‌షాట్‌లు పోలీసులకు తప్ప ఎంత దగ్గరి చుట్టానికైనా పంపకు.

వాడికి జవాబు ఇవ్వొద్దు. పైసలు అడిగితే ఇవ్వొద్దు. ఈ ఒక్క ఫోటో పంపితే పీడ వదులుతుందేమోనని బిడ్డకు ఏదో ఒక రాత్రి అనిపించి ఉంటుంది. పంపిన ప్రతి ఫోటోతో వాడి చేతిలో బెదిరించడానికి ఇంకొకటి చేరుతుంది, అంతే. అట్లాగే తమ్ముడినో మరిదినో పిలిచి వాడిని తిట్టించాలని చూడకు. కోపంలో అది న్యాయంగానే తోస్తుంది. తిట్టు తిన్నవాడు అకౌంట్ మూసేసి ఇంకో పేరుతో ఇంకో పిల్ల దగ్గరికి పోతాడు, మనకేమో ఆధారం మిగలదు.

ఇక ఫిర్యాదు. ముందు 1098కి ఫోన్ చెయ్యి. పిల్లల కోసం ఉన్న నంబరు, రాత్రీ పగలూ పలుకుతుంది, పైసలు పడవు, నీ బటన్ల ఫోన్ నుంచే చేయవచ్చు. ఎక్కడికి పోవాలో, ఏం చేయాలో వాళ్లు చెబుతారు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆడవాళ్లకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు వేరే భాగం ఉంది. అందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు రాయవచ్చు, కానీ అప్పుడు కేసు ఎంతదాకా వచ్చిందో నీకు తెలియదు. నా సలహా, ఫోన్ నంబరు ఇచ్చే రాయి. నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయినా సరే. మా ఏరియా కాదు అని తిప్పి పంపడానికి వీల్లేదు, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జిల్లాలో షీ టీమ్ అనే పోలీసు బృందం ఉంది, వాళ్లు చూసే పనే ఇది.

పరువు అని రాశావు. ఆ ఒక్క మాటే మన ఊళ్లలో వేల మంది తల్లుల నోరు మూయిస్తుంది, కాబట్టి చట్టంలో ఏముందో వివరంగా చెబుతాను. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలందరి కోసం 2012లో పోక్సో చట్టం వచ్చింది. చెడు ఉద్దేశంతో పిల్లల పాడు ఫోటోలు బయటపెడతానని బెదిరించడం దాని 11వ సెక్షన్ కింద నేరం. ఆ ఫోటో నిజమైనదా, మార్చి తయారుచేసిందా అన్నది లెక్కలోకి రాదు. రెండూ నేరమే. 24వ సెక్షన్ ప్రకారం పిల్ల చెప్పేది పోలీసులు మీ ఇంట్లోనో, పిల్ల కోరుకున్న చోటనో రాసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి రావాలి. వచ్చినవాళ్లు యూనిఫాంలో ఉండకూడదు. అంటే మీ వాకిట్లో ఖాకీ బట్టలు కనబడాల్సిన పనే లేదు. పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. చెప్పేటప్పుడు నువ్వు పక్కనే ఉంటావు. పిల్ల పేరు, ఊరు, బడి, తల్లిదండ్రుల వివరాలు పేపర్లో గానీ టీవీలో గానీ రాకూడదని 23వ సెక్షన్ చెబుతుంది. స్టేషన్‌లో ఎవరైనా దీనికి భిన్నంగా మాట్లాడితే, ఈ సెక్షన్ల నంబర్లు కాగితం మీద రాసుకొని పోయి చూపించు.

బడికి కూడా పోవాలి. హెడ్‌మాస్టర్‌నో, నీకు నమ్మకమున్న ఒక టీచరమ్మనో ఒంటరిగా కలిసి, ఇట్లా ఒకడు బెదిరిస్తున్నాడు, గ్రూపులో ఏదైనా వస్తే అది మార్చిన ఫోటో అని ముందే చెప్పు. గ్రూపు నడిపే సార్ వెంటనే తీసేస్తారు, ఎవరినీ ముందుకు పంపనివ్వరు. అట్లాంటి ఫోటో ఫార్వర్డ్ చేసినవాడు కూడా ఐటీ చట్టం 67బి కింద నేరస్తుడే అవుతాడని వాళ్లకు గుర్తు చెయ్యి. వాడి బెదిరింపు అంతా 'మీ బడికి చెబుతా' అన్న దాని మీదే నిలబడి ఉంది. బడికి నువ్వే ముందు చెప్పాక వాడు కొత్తగా చెప్పేది ఏముంటుంది?

ఇప్పుడు కొట్టిన సంగతి. నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఎందుకో చెబుతాను. కరోనా సమయంలో, 2020 సెప్టెంబర్‌లో, మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇళ్లలో ఫోన్‌లో చూడమన్నాం. అప్పటిదాకా పిల్లలకు ఫోన్ ఇవ్వొద్దని చెప్పిన మేమే ఇమ్మన్నాం. అందులో ఏం జాగ్రత్త పడాలో ఒక్క పూట కూడా చెప్పలేదు. బడులు తెరిచాక ఒక రోజు తొమ్మిదో తరగతి అమ్మాయి సంచిలో ఫోన్ కనబడింది. నేను తీసుకొని, వాళ్ల నాన్నను పిలిపించి ఆయన చేతికిచ్చాను. ఏముందమ్మా, ఎందుకు తెచ్చావు అని ఆ పిల్లను అడగనే లేదు. మరుసటి రోజు నుంచి ఆమె బడికి రాలేదు. ఇంటికి వెళ్తే మేనత్త ఊరికి పంపించామన్నారు. అక్కడ పత్తి ఏరడానికి పోతోందని తెలిసింది. టెన్త్ పరీక్ష రాయలేదు. ఆమెను ఎవడో ఫోన్‌లో సతాయిస్తున్నాడని, ఆ మెసేజ్‌లు నాకు చూపించడానికే ఆ రోజు ఫోన్ తెచ్చిందని వాళ్ల సోపతి పిల్ల చాలా రోజుల తరువాత నాకు చెప్పింది. ఆమె నోరు తెరవకముందే నేను ఫోన్ తీసేసుకున్నాను.

నీకు ఇంకా టైము ఉంది. ఈ రాత్రి తమ్ముడు పడుకున్నాక బిడ్డ పక్కన కూర్చొని, 'నువ్వు నాకు చెప్పి మంచి పని చేశావు. నేను కొట్టడం తప్పు. తప్పు చేసింది వాడు, నువ్వు కాదు' అని చెప్పు. మాటలు పెద్దగా అక్కర్లేదు. వెంటనే ఒడిలోకి రాకపోతే బాధపడకు. పది రోజుల మౌనం ఒక్క రాత్రిలో పోదు. తినకపోవడం ఇట్లాగే సాగినా, చచ్చిపోతాను లాంటి మాట ఏదైనా నోటివెంట వచ్చినా పిల్లను ఒక్కదాన్నే వదలకు, 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, మనసు బాగలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టింది. పైసలు లేకుండా తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా.

నువ్వు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. నేనేం నేర్పగలను అన్నావు. ఆ పక్క వాక్యంలోనే ఏజెంటు చేతిలో మోసపోయామని సిగ్గుపడుతూ రాశావు. చెల్లె, నీ బిడ్డకు నువ్వు చెప్పాల్సిన పాఠం అదే. అది నీకు ఏ టీచరు కంటే బాగా తెలుసు.

మన జిల్లాల్లో ఆ ఏజెంట్ల కథ నాకు ఎంతోమంది తండ్రులు చెప్పారు. వచ్చినవాడు ముందు మనవాడైపోతాడు. పక్క ఊరే అంటాడు, ఫలానావాళ్ల చుట్టాన్ని అంటాడు. ఇంట్లో చాయ్ తాగుతాడు. పాస్‌పోర్టు పనో ఏదో చిన్నది పైసా తీసుకోకుండా చేసిపెడతాడు, దాంతో మనకు మొహమాటం మొదలవుతుంది. తరువాత ఆజాద్ వీసా అంటాడు, అక్కడ ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చంటాడు. ఉన్నవి రెండే, ఎవరికీ చెప్పకండి అంటాడు. ఆఖరికి రేపు పొద్దున కల్లా కట్టకపోతే వీసా పోతుందంటాడు. అడగడానికి, ఆలోచించడానికి సందు ఇవ్వడు.

ఇప్పుడు ఫోన్‌లోని వాడిని చూడు. కరీంనగర్ అమ్మాయినన్నాడు, అంటే మనవాడైపోయాడు. డైమండ్లు కొనిచ్చాడు, పిల్లకు మొహమాటం అంటుకుంది. ఆటలో నలుగురి మధ్య మాట్లాడేవాడు ఇన్‌స్టాగ్రామ్‌లోకి రమ్మన్నాడు, చాటుకు పిలిచినట్టే కదా. మీ అమ్మకు చెప్పకు అని ఎక్కడో రాసే ఉంటాడు, వెతికి చూడండి. ఇప్పుడు పంపకపోతే బడి గ్రూపులో పెడతానని తొందరపెడుతున్నాడు. ఫోన్ కొత్తదే గానీ వాడి తీరు మీ ఏజెంటుదే.

కాబట్టి మీ ఆజాద్ వీసా కథ బిడ్డకు మొత్తం చెప్పు. ఎంత పోయింది, అప్పు ఎట్లా తీర్చారు, వాడి మాటలో మొదట అనుమానం ఎక్కడ వచ్చింది, వచ్చినా ఎందుకు అడగలేకపోయారు, అన్నీ. పిల్లల ముందు ఇట్లాంటివి దాస్తాం, మన మీద గౌరవం తగ్గుతుందని. నీ బిడ్డకు మాత్రం ఇప్పుడు అది వినాల్సిన అవసరం ఉంది. అమ్మానాన్నలంత పెద్దవాళ్లే మాటలకు మోసపోయారని తెలిస్తే, తాను ఏదో పాపం చేశానన్న బరువు కొంచెం దిగుతుంది. ఫిర్యాదు పని అయ్యాక, పిల్ల మనసు కాస్త కుదుటపడ్డాక, ఇద్దరూ కలిసి ఆ స్క్రీన్‌షాట్‌లు మొదటి నుంచి ఒకసారి చదవండి. వాడు ఎక్కడ సాయం చేసినట్టు నటించాడు, ఎక్కడ చాటుకు పిలిచాడు, ఎక్కడ తొందరపెట్టాడు, బిడ్డనే వేలు పెట్టి చూపించమను. నీకు మొదట ఎక్కడ ఎట్లానో అనిపించింది అని అడుగు. ఆ చోటు దొరికితే, ఇంకోసారి అట్లా అనిపించినప్పుడు పిల్ల అక్కడే ఆగుతుంది.

ఇంకొక సంగతి కూడా నీకు పుట్టుకతో వచ్చిందే. మన ఊళ్లోకి కొత్త మనిషి వస్తే అరుగు మీద కూర్చున్న అవ్వ ముందు ఏమడుగుతుంది? ఎవరి బిడ్డవు, ఏ ఊరు, ఎవరింటికి వచ్చావు అంటుంది. రెండు ప్రశ్నల్లో ఆ మనిషి ఎవరో తేలిపోతుంది, లేదా తేలలేదని తెలుస్తుంది. ఫోన్‌లో పేరు, ఫోటో, వయసు, ఆడా మగా అన్నదీ ఎవరికి ఇష్టమొచ్చినట్టు వాళ్లు రాసుకుంటారు. ఇప్పుడు గొంతు కూడా మార్చవచ్చు, వీడియోలో ముఖమూ మార్చవచ్చు. అందుకని పిల్లలకు అవ్వ ప్రశ్నే నేర్పు. ఫోన్‌లో పలకరించినవాడిని మన ఇంట్లోగానీ బడిలోగానీ ఎవరైనా ఎదురుగా చూసి ఉన్నారా? లేకపోతే మూడు నెలలు మాట్లాడినా, మూడేళ్లు మాట్లాడినా వాడు మనకు తెలియనివాడే. తెలియనివాళ్లతో ఆట ఆడితే ఆడవచ్చు. బడి పేరు, ఊరు, బాపు ఎక్కడుంటాడు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఇవి మాత్రం చెప్పకూడదు. ఫోటోలు కూడా చాలా చెబుతాయి. బడి బోర్డు, ఇంటి నంబరు, బస్సు మీది ఊరి పేరు, ఇట్లాంటివి వెనక ఉన్నాయేమో చూసుకోవడం బిడ్డకు ఇప్పుడు చెప్పకుండానే అర్థమవుతుంది. కొడుక్కి నువ్వే చూపించాలి.

ఫోన్‌లో చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ముందు సెట్టింగ్స్‌లో ఫోన్ భాషను తెలుగులోకి మార్పించు. పది చదివినదానివి, తెలుగులో ఉంటే సగం నీకే అర్థమవుతుంది. ఆ తరువాత బిడ్డ ఇన్‌స్టాగ్రామ్ తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం ఏమని రాసిందో అడుగు, తిట్టకుండా. పదమూడు నిండనివాళ్లకు ఆ అకౌంటే ఉండకూడదు. నిండినా, చాలామంది పిల్లలు వయసు పెంచి రాస్తారు. మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్ ఇస్తోంది. అందులో కొత్తవాళ్లు నేరుగా మెసేజ్ పంపలేరు, అకౌంట్ అందరికీ కనబడదు, పదహారు నిండనివాళ్లు ఆ కట్టుబాట్లు తీసేయాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. వయసు అబద్ధం రాస్తే ఈ కాపలా ఏదీ ఉండదు. వాట్సాప్‌లో ప్రైవసీ అనే చోట ప్రొఫైల్ ఫోటో ఎవరు చూడాలి, గ్రూపుల్లో ఎవరు చేర్చాలి అన్న రెండింటినీ మన కాంటాక్టులకే పెట్టండి. ఆటలో కొత్తవాళ్లతో మాటలు, మెసేజ్‌లు ఆపే వీలు ఉంటే ఆపేయండి. ఇవన్నీ బిడ్డ చేతితోనే చేయించు, నీకు ఒక్కొక్కటీ చెబుతూ చేయమను. పిల్ల నేర్పితే నువ్వు నేర్చుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

కొడుకు చిన్నవాడు, వాడికి ఇంత వివరం వద్దు. యూట్యూబ్ కాకుండా యూట్యూబ్ కిడ్స్ పెట్టండి, ప్లేస్టోర్‌లో పేరెంటల్ కంట్రోల్స్‌కు పిన్ పెట్టండి, ఆ పిన్ నీ దగ్గరే ఉండాలి. అన్నం తినేటప్పుడు ఫోన్ వద్దు.

పైసల సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఇళ్లలో తల్లి ఖాతాలోని పైసలు పంపడం, చూడడం పిల్లలే చేస్తున్నారు. మీ ఇంట్లోనూ అంతే అయితే పిన్ మాత్రం నువ్వే నొక్కు. పైసలు మనకు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు, పోవడానికి, ఖాతాలో ఎంత ఉందో చూసుకోవడానికే కావాలి. ఈ ఒక్క మాట ఇద్దరు పిల్లలతో అప్పజెప్పించుకో. పెళ్లి పత్రిక అనో, పీఎం కిసాన్ పైసలు అనో వాట్సాప్‌లో ఏపీకే అని చివర ఉన్న ఫైలు వస్తుంది, పెద్దవాళ్లు చూడమంటే పిల్లలు నొక్కేస్తారు. అది ఫోన్‌లోకి దిగితే మనకు వచ్చే మెసేజ్‌లు, ఓటీపీలు మోసగాళ్లకు చేరిపోతాయి. పెళ్లి పిలుపుకు యాప్ ఎందుకు ఉంటుంది? ఎప్పుడైనా పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే, వాళ్లు తీసుకోకముందే ఆపే వీలు అంత ఉంటుంది. అవతల ఎవరైనా పోలీసునని చెప్పి వీడియో కాల్‌లో అరెస్టు చేశాం అంటే పెట్టేయడమే, మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదు.

ఇక ఆ ఫోన్ బిడ్డకు మళ్లీ ఎప్పుడు ఇవ్వాలి అన్నది. ఇప్పుడే కాకపోయినా ఇవ్వాల్సిందే. వచ్చి చెప్పినందుకు ఫోన్ పోయింది అన్నదే ఆ పిల్లకు గుర్తుండిపోతే, ఇంకోసారి చెప్పదు. తమ్ముడు అన్నీ చూస్తున్నాడు, వాడూ చెప్పడు. ఫిర్యాదు రాశాక, పైన చెప్పిన మార్పులు చేశాక ఇవ్వు. కాకపోతే ఇక నుంచి అది ఇంటి ఫోన్. నువ్వు బీడీల చాట పట్టుకొని కూర్చునే చోటే దాని చోటు, రాత్రి చార్జింగ్ నీ తలాపున. నువ్వు తునికాకు కత్తిరించుకుంటూ, బిడ్డ పక్కన ఫోన్ చూసుకుంటూ ఉంటే, తొంగి చూడాల్సిన పని కూడా పడదు. ఆట ఉంచాలా తీసేయాలా అన్నది బిడ్డకే వదిలెయ్యి. ఆడితే బడి పిల్లలతోనే ఆడాలన్నది మాత్రం గట్టిగా చెప్పు. ఏం జరిగినా వచ్చి చెబితే కొట్టను, ఫోన్ గుంజుకోను అని ఇద్దరికీ మాట ఇవ్వు. ఆ మాట మీద నిలబడడం కష్టమని నాకు తెలుసు. ఇంకో రెండేళ్లకు బిడ్డ నీకు అసలు నచ్చని సంగతి ఏదో చెబుతుంది. అప్పుడు లేచి బయటికి పోయి, మంచినీళ్లు తాగి, మళ్లీ వచ్చి కూర్చో.

మీ ఆయనకు చెప్పు. దాచినంత కాలం నువ్వు ఒక్కదానివే మోస్తావు, పైగా ఇంకొకరి నోట తెలిస్తే ఆయనకు ఎక్కువ కోపం వస్తుంది. దుబాయి మనకంటే గంటన్నర వెనక. ఆయన డ్యూటీ దిగి అన్నం తిన్నాక నీ చిన్న ఫోన్‌కు చేయమని, పిల్లలు లేని చోటికి పోయి మాట్లాడు. జరిగింది చెప్పి ఊరుకోకు. ఫిర్యాదు ఎక్కడ రాశావో, బడిలో ఎవరితో మాట్లాడావో కూడా చెప్పు. అంత దూరంలో ఉండి ఏమీ చేయలేనన్న బాధే ఆయన నోట కోపంగా వస్తుంది, కొంచెంసేపు అననివ్వు. ఫోన్ బంద్ చేసెయ్ అంటాడు, అప్పుడు ఒక్క విషయం గుర్తు చెయ్యి. బిడ్డ బాపు ముఖం చూసేది ఆ ఫోన్‌లోనే. పది రోజులుగా ఆ పిల్లకు ఆటతో పాటు బాపు కూడా లేకుండా పోయాడు.

ఆయన మెత్తబడ్డాక, మరుసటి రోజు సాయంత్రం వీడియో కాల్ చేయించు. నువ్వు చెప్పి మంచి పని చేశావు బిడ్డా అని ఆయన నోటితో ఒక్కసారి అనమను. ఫిర్యాదు నంబరు చీటీ మీద రాసి నీ బీడీల పుస్తకంలో పెట్టుకో. పది రోజులైనా స్టేషన్ నుంచి కబురు లేకపోతే ఆ నంబరు పట్టుకొని పోయి అడుగు, నాకూ ఒక ఉత్తరం రాయి.